గ్యాలరీ నిండుతుందన్నది నేనే

మన దేశం తరఫున నేను ఆడే ఆట పేరు రగ్బీ లీగ్. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ముందు "ఓహో" అంటారు. కాసేపాగి, "అంటే హాకీ లాంటిదా?" అంటారు. కాదండీ బాబూ. కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తాలి. పక్కవాళ్ళకి అందించాలంటే వెనక్కే విసరాలి. అవతలి వాళ్ళు నడుమో కాళ్ళో దొరకబుచ్చుకుని నేలకేసి కొడతారు. జట్టుకి పదమూడు మంది. కబడ్డీలో కాళ్ళు పట్టడం బాగా వచ్చినదాన్నని మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు నన్ను ఇందులోకి తోశారు. ఎప్పుడూ ఎవరో ఒకరి కాళ్ళు పట్టుకోవడమే నా బతుకైపోయింది.

దెబ్బలకి నేను భయపడను. నా బాధల్లా జనం గురించే. అంతర్జాతీయ మ్యాచ్ అనగానే మీ కళ్ళ ముందు ఏం కదులుతుందో నాకు తెలుసు. మాకు వచ్చే జనం ఎవరంటే, మన జట్టు డాక్టరు, అవతలి జట్టు డాక్టరు, అంబులెన్సు డ్రైవరు, నీళ్ళ క్యాన్లు దించడానికొచ్చి ఎండకి తాళలేక మెట్ల మీద చతికిలబడ్డ ఆయన. ఒక ఊళ్ళో అయితే ఆట మంచి పట్టు మీద ఉండగా ఒక పెద్దాయన పాల ప్యాకెట్ పట్టుకుని గ్రౌండుకి అడ్డంగా నడుచుకుంటూ వచ్చేశాడు. రోజూ వెళ్ళే దారట. రిఫరీ ఈల ఊది ఆట ఆపితే, "ఫరవాలేదు, మీరు కానివ్వండి" అని మాకే ధైర్యం చెప్పి వెళ్ళాడు.

మేం మేం ఉన్నప్పుడు ఇవన్నీ చెప్పుకుని పడీ పడీ నవ్వుతాం. పరాయి దేశం జట్టు పక్కన నిలబడి ఉన్నప్పుడు మాత్రం నవ్వు రాదు. రెండు జట్లూ వరసగా నిలబడతాయి. జనగణమన మొదలవుతుంది. ఎదురుగా ఖాళీ సిమెంటు మెట్లు. మనమే రమ్మని పిలిచి, వాళ్ళు విమానాలెక్కి వస్తే, భోజనాల వేళకి ఇంట్లో ఎవరూ లేనట్టు ఉంటుంది. పాడుతూ పాడుతూ నేను కళ్ళు మూసుకునేదాన్ని. భక్తి అనుకునేవాళ్ళు మావాళ్ళు. సిగ్గండీ, వట్టి సిగ్గు.

అలాంటి ఒక మ్యాచ్ అయ్యాక బస్సులో కోచ్ సారు తల పట్టుకుని కూర్చున్నారు. మనుషులే రాకపోతే ఆడపిల్లల మ్యాచ్‌లకి ఇక ఎవరు డబ్బు పెడతారమ్మా, ఇంకొక్కసారి గ్యాలరీ ఖాళీగా కనపడిందంటే మన దేశంలో మ్యాచ్ అనే మాట మర్చిపోవాల్సిందే, అన్నారు. నా నోరు ఊరుకుంటుందా?

"నెల్లూరులో పెట్టండి సార్. మా కుప్పం ఒక్కటి చాలు, గ్యాలరీ నిండిపోతుంది."

"నిజంగా వస్తారా?"

"రాకపోతే నన్ను అడగండి."

అలా నా మాట మీద మ్యాచ్ నెల్లూరికి వచ్చింది.

మా కుప్పం, అంటే మా జాలరిపల్లె, కోట అనే ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డునే ఉంటుంది. మాది చేపల వేట మీద బతికే కుటుంబం. మా నాయనకి, మేనమామకి కలిపి ఒక ఫైబర్ బోటు ఉంది. మా కుప్పంలో కట్టుబాట్లు ఎక్కువ. వాటిలో ఒకటి చిన్నప్పుడు నాకు మహా చిరాకుగా ఉండేది. బోటు నీళ్ళలోకి దిగి అలలు విరిగే చోటు దాటేదాకా ఇంట్లోవాళ్ళు ఎవరూ అటు చూడకూడదు. మా అమ్మ గడప దగ్గర సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది. నేను మెడ తిప్పితే నెత్తిన ఒక్కటి మొట్టేది. నావాళ్ళు అని ఆశగా చూసే చూపే అన్నిటికంటే చెడ్డ దిష్టి అని మావాళ్ళ నమ్మకం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కుప్పం కుప్పమంతా ఒడ్డుకి ఎదురు వెళ్ళాల్సిందే. వల నిండినా వెళ్ళాలి, ఖాళీగా వచ్చినా వెళ్ళాలి. దిగిన మనిషికి ముందు చెంబుతో మంచినీళ్ళు ఇస్తారు. ఆ నీళ్ళు తాగి ఉప్పు నోరు కడుక్కునేదాకా ఏం పడిందని ఎవరూ అడగరు, వచ్చినవాళ్ళూ పెదవి విప్పరు.

నా ఆటని అమ్మ ఒక్కసారే చూసింది. బిట్రగుంట రైల్వే గ్రౌండులో సెలెక్షన్లు జరిగాయి. అమ్మ, ఇద్దరు పిన్నులు రైలెక్కి వచ్చారు. నేను బంతి పట్టుకుని లగెత్తుతుంటే అమ్మ లేచి నిలబడి నా పేరు పెట్టి కేకేసింది. నేను అటు తిరిగాను. అదే క్షణంలో ఎవరో వచ్చి గుద్దారు, నా భుజం దగ్గరి ఎముక విరిగింది. ఆసుపత్రిలో నాకంటే అమ్మే ఎక్కువ ఏడ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. నేను కిట్ బ్యాగు తగిలించుకుని ఇంట్లోంచి బయలుదేరుతుంటే అటు తిరిగి గిన్నెలు తోముకునేది. ఈమెకి నా ఆటంటే ఇష్టం లేదులే అనుకుని మూతి ముడుచుకుని పోయేదాన్ని.

నెల్లూరు మ్యాచ్ ఖాయం కాగానే మా కుప్పం పెద్ద దగ్గరికి పోయాను. వరసకి పెదనాయన.

"అందరూ రావాల పెదనాయనా. నా పరువు నీ చేతిలో ఉండాది."

"నీ పరువేందే, కుప్పం పరువు," అన్నాడాయన. సాయంత్రానికల్లా చాటింపు వేయించాడు. మ్యాచ్ నాడు ఎవరూ వేటకి పోకూడదు, ఇంటిల్లిపాదీ నెల్లూరికి కదలాలి. నేను ఎగిరి గంతేశాను.

జట్టుతో కలవడానికి ముందే వెళ్ళిపోవాలి. వెళుతూ వెళుతూ అమ్మని నిలదీశాను. "ఈసారైనా వస్తావా, రావా?"

"వస్తాం లేమే. నువ్వు మాత్రం మాకోసం అటూ ఇటూ చూడబాకు. నీ పని నువ్వు చూసుకో."

మ్యాచ్ శ్రీలంక జట్టుతో. వాళ్ళ కెప్టెన్‌కి తమిళం వచ్చు. మా పక్క పులికాట్ దాటితే తమిళమే కదా, నాకూ వచ్చీరాని తమిళం ఉంది. ముందురోజు ప్రాక్టీసు అయ్యాక ఇద్దరం గట్టున కూర్చున్నాం. "మా దేశంలోనూ ఇంతే, మా అమ్మానాన్నలు తప్ప ఎవరూ రారు," అంది ఆమె. నేను ఊరుకోవచ్చు కదా. "రేపు చూడు అక్కా, మావాళ్ళ కేకలకి నీ చెవులు చిల్లులు పడకపోతే అడుగు," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నిజంగా? అంతమంది ముందు మేం ఎప్పుడూ ఆడలేదు," అంది. ఆ రాత్రి జడ ఎలా వేసుకోవాలా అని వాళ్ళ జట్టంతా చర్చించుకున్నారట.

మర్నాడు మధ్యాహ్నం పడమటి గేటులోంచి మా బస్సు గ్రౌండులోకి పోయింది. నేను కిటికీకి అతుక్కుని చూశాను. గ్యాలరీ ఖాళీ. ఇంకా టైముంది అనుకున్నాను. వార్మప్ చేస్తూ చూశాను. ఖాళీ. కోట నుంచి రావాలి కదా, బళ్ళు దొరికాయో లేదో అనుకున్నాను. వరసలో నిలబడ్డాం. ఎప్పటి డాక్టర్లు, ఎప్పటి అంబులెన్సు, ట్యూషన్ ఎగ్గొట్టి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళూ ఫోన్లలో తలలు పెట్టుకుని ఉన్నారు. జనగణమన మొదలైంది. ఈసారి కళ్ళు మూసుకున్నా లాభం లేకపోయింది. పక్క వరసలోంచి ఆ కెప్టెన్ నావైపు చూస్తోందని చెంపకి తెలుస్తూనే ఉంది. అందరూ జడలకి ఎర్ర రిబ్బన్లు కట్టుకుని వచ్చారు పాపం.

నిర్వాహకులు మైకు కోసం ఒక అనౌన్సర్ని తెచ్చారు. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల గురించి చెప్పే ఆయన. గొంతు కంచు. రోడ్డున పోయేవాళ్ళు విని లోపలికొస్తారని మైకు హారన్లన్నీ తూర్పుగోడ అవతలికి తిప్పి కట్టించారు. ఆటలో ఆయనకి ఓనమాలు రావు. "కూత పెట్టకుండానే కోర్టులోకి దూసుకుపోయిందండీ మన అమ్మాయి! పట్టేశారు! పడిపోయింది! లేచింది లేచింది! దెబ్బేం లేదు!" ఇదీ వరస. నేను ఎప్పుడు కింద పడ్డా ఆయన ముందు అదే చెప్పేవాడు, దెబ్బేం లేదు అని. వినేవాళ్ళు ఎవరున్నారని ఈయనకింత ఆయాసం అని విసుక్కున్నాను.

మొదటి సగం అయ్యేసరికి వెనకబడి ఉన్నాం. నీళ్ళ డబ్బా దగ్గర ఒగురుస్తూ నిలబడితే ఆ అనౌన్సర్ నా దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, ఈ జిల్లా అమ్మాయివి నువ్వేనంట గదా. మీవాళ్ళు ఒక్కరన్నా రాలేదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. చాటింపు వేయించి మరీ ఎగ్గొట్టిన పెదనాయన మీద, వస్తాం లేమే అన్న అమ్మ మీద.

"రాలేదు సార్. మావాళ్ళకి చేపలు తప్ప ఇంకేం తెలుసు? వాళ్ళకి చెప్పడం నాదే బుద్ధి తక్కువ."

ఆయన జాలిగా తలూపి వెళ్ళాడు. నేను ముఖం కడుక్కున్నాను. ఏడుస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదని ఇంకాస్త నీళ్ళు కొట్టుకున్నాను.

రెండో సగం మొదలైంది. ఎడమవైపు నుంచి బంతి నాకు దొరికింది. ఇద్దర్ని విదిలించుకుని వెళ్ళి గీత అవతల బంతిని నేలకి ఆనించాను. ఈ ఆటలో దాన్నే ట్రై అంటారు, మా గోల్ అనుకోండి. దేశం తరఫున నా మొదటి ట్రై. లేచి చూస్తే నా జట్టు పిల్లల చప్పట్లు తప్ప ఏం లేవు. చప్పట్లు ఆగాక అంబులెన్సులో రేడియో వినపడింది. అప్పుడు అందుకున్నాడు అనౌన్సర్, కంచు గొంతుతో.

"నెల్లూరు ప్రజలారా! సిగ్గుపడాల్సిన విషయమండీ ఇది! సముద్రం ఒడ్డున పుట్టిన ఆడబిడ్డ దేశం కోసం ఆడుతుంటే సొంత కుప్పం నుంచి ఒక్క ప్రాణి రాలేదు! మావాళ్ళకి చేపలు తప్ప ఇంకేం తెలుసు, వాళ్ళకి చెప్పడం నాదే బుద్ధి తక్కువ అని ఆ తల్లే నాతో అన్నదండీ! ఎంత కడుపుమంటతో అని ఉంటుందో ఆలోచించండి!"

నా మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. ఒక్క క్షణం మైకు వైపు ఉరిమి చూశాను. అంతలోనే, పోనీ, వినేవాళ్ళు ఎవరు, చెప్పుకోనీ అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, బాగా అయింది అనుకున్నాను. ఆయనకి ఆ మాట నచ్చినట్టుంది, ఆట అయ్యేలోపు ఇంకోసారి కూడా చెప్పాడు.

మేం ఓడిపోయాం. చేతులు కలిపేటప్పుడు ఆ కెప్టెన్ నన్ను కావలించుకుంది. జనం గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది. కోచ్ సారు ఖాళీ గ్యాలరీని ఫోనులో ఫొటో తీస్తున్నారు, పై వాళ్ళు పంపమన్నారట. నన్ను చూసి, "పోనీలేమ్మా," అన్నారు. ఆ మాటకి తలదించుకున్నదాన్ని బస్సెక్కేదాకా ఎత్తలేదు.

బస్సులు బయటికి పోయే దారి తూర్పు గేటు. రెండు జట్లనీ ఒకే పెద్ద బస్సులో హోటలుకి పంపుతున్నారు. వాచ్‌మన్ గేటు తెరుస్తూ డ్రైవర్ని ఆగమన్నాడు. లోపలికి ఎక్కి, "కోట కాడి కుప్పం పాప ఎవురమ్మా? నీకోసం ఉండారు దిగు," అన్నాడు.

"ఎవరు?"

"ఎవురంటే? మధ్యానం నించీ ఉండారు. టికెట్ లేదు, ఊరకే రాండి లోపలికి అంటే ఒక్కరూ వినరు. గోడకి వీపులానించి ఒకటే కూసోడం."

నేను దిగాను. తూర్పు గోడ నీడలో, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా, మా కుప్పం. అప్పుడే లేచి కోకలూ లుంగీలూ దులుపుకుంటున్నారు. ముసలమ్మలు, చంకల్లో బిడ్డలతో తల్లులు, నాయన, మేనమామ, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెదనాయన. సరుకు మోసే ట్రాలీ ఆటోలు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. వాళ్ళ నెత్తిన గోడ మీద వరసగా హారన్లు, నోళ్ళు తెరుచుకుని.

నేను గేటు దగ్గరే ఆగిపోయాను.

ఆ కెప్టెన్ నా వెనకే దిగింది. "ఎవరు వీళ్ళంతా?" అని తమిళంలో అడిగింది.

"మావాళ్ళు," అన్నాను. ఆమెకి వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"మరి లోపలికి ఎందుకు రాలేదు?"

ఆ మాత్రం తమిళం మా కుప్పంలో అందరికీ వచ్చు. పెదనాయన ముందుకొచ్చి నాతో అన్నాడు, "ఏందే, ఆమెకి చెప్పు. నీళ్ళల్లో ఉన్నోళ్ళని కన్నోళ్ళు చూస్తారా? బిట్రగుంటలో మీయమ్మ చూసినందుకే గదా నీ ఎముక ఇరిగింది. ఎవురూ గోడెక్కగూడదని నువ్వు పోయినాక ఇంకో చాటింపు ఏయించినా. పిలకాయలు ఎక్కబోతే దించినా. జనగణమన అప్పుడు అందరం లేసి నిలబడినాం, ఇటు తిరిగే. ఆ మైకాయన మంచోడు, నువ్వు పడినప్పుడల్లా దెబ్బేం లేదని ముందే చెప్తా వచ్చినాడు."

మేనమామ మొహం ఎర్రగా ఉంది. అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన్ని చూసి పెదనాయనే మళ్ళీ అందుకున్నాడు. "ఏదో మాటన్నాడులే మధ్యలో. మీ మామ లోపలికొచ్చి కొడతానని లేసినాడు. నేనే కూసోబెట్టినా. అననీరా, ఆట అయిందాకా ఎవురూ లోపలికి తొంగి చూసే పని లేదు అన్నా."

అంటే విన్నారు. రెండుసార్లూ విన్నారు. నోరు మూసుకుని, వీపు తిప్పి, నా మాటల కిందే కూర్చుని విన్నారు. లేచి లోపలికి వచ్చి ఒక్కసారి మొహం చూపిస్తే పోయే నింద అది. నాకు ఏమన్నా అవుతుందేమో అని రాలేదు.

కోచ్ సారు బస్సు మెట్ల మీద నిలబడి ఉన్నారు. చేతిలో ఫోను. ఆ ఫొటో ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆయన ఈ జనాన్ని చూస్తున్నారు, నన్ను చూస్తున్నారు. ఆ తర్వాత మన దేశంలో మాకు మ్యాచ్ రాలేదు, ఈరోజుకీ రాలేదు. గోడ అవతల ఇంతమంది ఉన్నారని ఆయన రాసి పంపితే, లోపల కూర్చోనివాళ్ళు లెక్కలోకి రారని జవాబొచ్చిందట.

అమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. పొద్దున ఇంటి దగ్గర బిందెలో పట్టి, కుదుపులకి ఒలకకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన నీళ్ళు. నా భుజం తడిమి చూసింది, తర్వాత మోకాళ్ళు, మోచేతులు. దెబ్బేం లేదని తనూ ఒకసారి చూసుకుంది. ఓడానా గెలిచానా అని అడగలేదు. ఎవరూ అడగలేదు.

"అమా, ఆ మైకులో..." అన్నాను.

"మాట్లాడబాకు. ముందు తాగు."

"అది నేనే అన్నాను మా."

"తెలుసు లేమే. మాకు చేపలు తప్ప ఏం తెలుసు. తాగు."

దెప్పుతోందేమో అని అమ్మ కళ్ళలోకి చూశాను. అలాంటిదేం లేదు. నిజంగానే, ఉన్నమాట ఒప్పుకుంటున్నట్టే అంది. నేను చెంబెత్తి తాగాను. మా కుప్పమంతా నిలబడి నావైపే చూస్తున్నారు, ఇప్పుడు చూడొచ్చు కాబట్టి, కళ్ళారా. నాకు మాత్రం చెంబు దించి వాళ్ళ ముఖాలు చూడటానికి ధైర్యం చాలక, నీళ్ళయిపోయినా అలాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాను.